చందమామకెన్ని ఆమడలు

సుంకులమ్మ అని ఒకామె, నార తాళ్ళు పేనేది. ఆమె మొగుడు మద్దిలేటికి పని తక్కువ, నోరు ఎక్కువ. మీ ఇండ్లల్లోనూ ఉండారులే, నవ్వాకండి. వాడేం చేసినాడంటే, కోట దొర ముందర నిలబడి 'నా పెండ్లాం చందమామ దాకా తాడు పేనుతాది' అన్నాడంట. దొర తక్కువోడా? 'ఎంత పొడుగో చెప్పు, ఎట్ల తెలిసిందో చెప్పు, అందాకా ఖైదులో ఉండు' అని సంకెళ్ళేయించినాడు. సుంకులమ్మకి తిక్క పట్టింది. గుట్టెక్కి చూస్తే చంద్రుడు అంతే దూరం, దిగి చూస్తే అంతే. నడిస్తే వెంటొస్తాడు, నిలబడితే నిలబడతాడు. 'ఇదేం తంతురా, దూరముండావా, దగ్గరుండావా?' అని చంద్రుణ్ణే తిట్టిందంట.

అప్పుడు ఏమైందంటే, గ్రహణ స్నానానికి కాశీకి పోయిన అత్త ఓబులమ్మ తిరిగొచ్చింది. కొడుకు ఖైదులో ఉండాడని ఏడ్చి, ముక్కు చీది, 'గంగలో మునిగినా ఫలితం లేకపాయె. రాహువు చంద్రుణ్ణి పూర్తిగా మింగిన క్షణాన నా కండ్లతో చూసినా. ఒక సుక్క ఆయన అంచునే అంటుకోనుండె, ఆ అపశకునమే కొట్టింది' అనింది. గ్రహణం ఏడ చూసినా ఒకే గడియ కదా, కోడలు ఊరుకుంటాదా? 'అబద్ధం అత్తా! ఆ క్షణాన నేనూ చూసినా. మధ్యలో ఎడముండె, చంద్రుడి వెడల్పులో మూడోవంతు కంటే కొంచెం ఎక్కువే.' 'గంగలో మునిగొచ్చి అబద్ధమాడతానా? నీ కండ్లకి పొరలే!' 'నీకే చత్వారం!' మూడు దినాలు మాటల్లేవు.

నాలుగో దినం తాడు పేనాల. అత్త కొస పట్టుకోని కూచునింది, కోడలు పురి పెడతా వెనక్కి నడస్తాంది. తాడు పేనేవాళ్ళు వెనక్కే నడిచేది. పక్కన చేలో తుమ్మచెట్టు, దాని వెనకాల దూరంగా కొండ. కోడలు నడిచేకొద్దీ తుమ్మచెట్టు కొండ మీద జరుగుతా పోయిందనుకో. 'అత్తా, నీకు తుమ్మచెట్టు వెనక ఏముంది?' 'కొండ కుడి కొన.' 'నాకు కొండ నడుము!' 'నీకెప్పుడూ వంకరే కదే.' 'కాదత్తా, ఇద్దరమూ నిజమే చెప్పినాం! నువ్వు కాశీలో, నేను ఈడ. దగ్గరుండే చంద్రుడు జరిగినాడు, దూరముండే సుక్క జరగలా!'

కాశీకి నూరామడలు అనుకో. సందేళ చంద్రుడు పొడవంగానే, మూరెడు కట్టె అత్త చేత పట్టించి, అది చంద్రుడి వెడల్పులో ఆ మూడోవంతు ఎడమంత చిన్నగా కనపడేదాకా సుంకులమ్మ వెనక్కి నడిచింది. మూడొందల మూరలైంది! అంటే కట్టె కంటే మూడొందల రెట్లు దూరం. చంద్రుడి కాడ నిలబడి చూస్తే ఈడికీ కాశీకీ నడుమ దూరం కూడా ఈ కట్టె మాదిరే ఆ ఎడమంతే కనపడతాది కదా, అట్లనే కాశీ దూరానికి మూడొందల రెట్లు చందమామ. ముప్పై వేల ఆమడలు!

కోటకి పోయి ఆ లెక్క చెప్తే, 'ఎవరు పోయి చూసొచ్చేది?' అన్నాడంట దొర. 'ఎవరూ పోబల్లేదు, మీరే నడిచి చూడండి' అని అత్త చేత కట్టె పట్టించింది. దొర నడిచినాడు, చూసినాడు, తికమకపడి మళ్ళీ మొదట్నించి నడిచినాడు, కాళ్ళు నొప్పెట్టి మద్దిలేటిని ఇడిచిపెట్టినాడు.

సుక్క ఎంత దూరమని నన్నడగాకండి పిల్లోళ్ళారా. దానికి కాశీ చాలదంట. ఒకసారి చూసి, ఆర్నెల్లకి భూమి సూర్యుడికి అవతలి పక్క చేరినాక మళ్ళీ చూడాలంట. పుస్తకంలో నాలుగుసార్లు చదివినా నాకింకా తిక్కగానే ఉంది. మద్దిలేటికి మాత్రం ఏ తిక్కా లేదు. సంకెళ్ళు ఊడంగానే 'ముప్పై వేలే కదా, నేను ముందే అనుకున్యా' అన్నాడంట. అత్తా కోడళ్ళు జన్మలో మొదటిసారి ఒక్క గొంతుతో అన్నారంట, 'దొరా, వీణ్ణి ఇంకో నెల లోపలే ఉంచండి.'