మేనత్త ఎత్తుకెళ్లిన పిల్ల

కిడ్నాపా? ఏం మాట సార్ అది! మేనత్త మేనకోడల్ని బడి నుంచి తీసుకెళ్తే దాన్ని కిడ్నాపంటారా? అలాగైతే సెలవులొచ్చాయంటే ఊళ్లో సగం మంది అత్తలు మీ లాకప్పులోనే ఉండాలి.

పైగా అది బుద్ధున్నవాడెవడైనా ఎత్తుకెళ్లే పిల్లేనా? పదేళ్లకే పదిమంది మాటలు మాట్లాడుతుంది. కారెక్కిన దగ్గర్నుంచి ఒకటే హారన్. నిజంగా ఎత్తుకెళ్లినవాడైతే ఈపాటికి దణ్ణం పెట్టి గుమ్మం ముందు దింపి పోయుండేవాడు.

ఎక్కడుందంటారా? చెప్తాను సార్. చెప్పక ఎక్కడికి పోతాను? మీరు పిలవగానే నా అంతట నేనే వచ్చానా లేదా? కారు బయటే ఉంది, నెత్తిమీద 'డ్రైవింగ్ స్కూల్' అని పచ్చటి బోర్డుతో. అంత బోర్డు పెట్టుకుని ఎవరన్నా దొంగతనానికి పోతారా? కాస్త టీ ఇప్పించండి, గొంతెండిపోతోంది. ఇది మొదట్నుంచీ చెప్తేగానీ మీకు అంతుపట్టదు.

అదిగో, బయట బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడే, నామీద కంప్లైంటిచ్చిన పెద్దమనిషి, మా అన్నయ్యే. కళ్లజోళ్ల షాపు ఉంది. ఊరందరి చూపూ సరిచేస్తాడు. ఇంట్లో సంగతులు మాత్రం... సరే పోనివ్వండి, నవ్వకండి, అద్దంలోంచి చూస్తున్నాడు. పక్కన కళ్లు తుడుచుకుంటున్నది మా వదిన. లెక్కల టీచరు. నాకు పెళ్లా? కాలేదు సార్. అదీ రాయాలా? 'కాలేదు' అని కాదు, 'చేసుకోలేదు' అని రాయండి.

వాళ్లకి ఇద్దరాడపిల్లలు. ఉండేవారు. ఇప్పుడొకతే. ఇవాళ నేను తీసుకెళ్లింది ఆ ఒక్కదాన్నే, చిన్నదాన్ని. బుడ్డది అంటాం. పెద్దదాన్ని తూనీగ అనేవాళ్లం. ఒకచోట కాలు నిలిచేది కాదు కదా, అందుకని.

తూనీగకి తొమ్మిదేళ్లప్పుడు షుగరొచ్చింది. పెద్దవాళ్లకొచ్చే షుగరు కాదు సార్, స్వీట్లు మానేసి నాలుగడుగులు నడిస్తే లొంగేది కాదు. పిల్లలకొచ్చే రకం. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. తినే ప్రతిసారీ సూది పొడుచుకోవాల్సిందే, బతికినన్నాళ్లూ.

అదేమో సూదిని పూచికపుల్లలా చూసేది. క్లాసులో ఒకడు జడ లాగాడట. వాడి ముందుకెళ్లి నిలబడి, చొక్కా అంచు ఎత్తి, పొట్టలో సూది కస్సున దించుకుని, "తర్వాత వంతు నీదే" అందట. వాడు ఆ ఏడాదంతా వెనకబెంచీ దిగలేదు. ఇంకోసారి లెక్కల పరీక్షలో "షుగరు పడిపోయింది" అని బిస్కెట్ పాకెట్ విప్పి, ఒక్కో బిస్కెట్ తింటూ తీరిగ్గా పక్కవాడి పేపరు చూసిందట. ఆ గదిలో కాపలా ఉన్న టీచరెవరో తెలుసా? వాళ్లమ్మే!

ఒకరోజు మాత్రం నిజంగానే పడిపోయింది. పొద్దున్నే వదిన సూది వేసింది. ఇదేమో బస్సు పోతోందని తినకుండా పరిగెత్తింది. బడి ప్రార్థనలో నిలబడి నిలబడి కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుని, "ఫస్టు పీరియడ్ అయిపోయిందా?" అని అడిగింది.

పిల్ల లేచింది గానీ వదిన లేవలేదు సార్. ఆనాటి నుంచి సూది పట్టుకుంటే చెయ్యి గజగజ వణికేది. "నా చేత్తో నేనే చంపుకునేదాన్ని" అని అదొకటే పాట. ఇంట్లో నవ్వన్నది వినబడ్డం మానేసింది.

అదిగో, సరిగ్గా అప్పుడు దిగాడు శ్వాస మాస్టారు.

మీరూ చూసే ఉంటారు. గోడలనిండా పోస్టర్లు, తెల్లబట్టలు, మూసిన కళ్లు. రోగాలన్నీ ఊపిరి తీయడం చేతకాకే వస్తాయట. మందులన్నీ విషమట. పస్తులుండి, ఊపిరి బిగబట్టి, ఉఫ్ ఉఫ్ మని వదిలితే ఒళ్లు తన వైద్యం తనే చేసుకుంటుందట. తూనీగ మొదటిరోజే ఆయనకి పేరు పెట్టేసింది, సైకిల్ పంపు అని.

అన్నయ్య వెళ్లింది నడుంనొప్పికి. తగ్గింది. ఎందుకు తగ్గదు? రోజంతా స్టూలు మీద వంగి కూర్చునేవాడు పొద్దున్నే లేచి నాలుగు వంపులు వంగితే తగ్గదూ? దాంతో "నడుము తగ్గినప్పుడు షుగరెందుకు తగ్గదు" అని పట్టుకున్నాడు. ఆ లెక్కన నా కారుకి పంక్చరు వేసినవాడు నాకు పన్ను కూడా పీకచ్చు!

ఇన్సులిన్ సీసాలన్నీ సింకులో వంపేశారు. వదినే వంపింది. వంపుతుంటే మాత్రం చెయ్యి వణకలేదట. తూనీగే చెప్పింది.

ఎప్పుడు చెప్పిందంటారా? ఆ సాయంత్రమే. బ్యాగు భుజానేసుకుని నా డ్రైవింగ్ స్కూలుకొచ్చి, "అత్తా, నాకు కారు నేర్పు" అంది. "నీకింకా పదహారేళ్లేనే" అన్నాను. "క్లచ్ వద్దు, బ్రేకూ వద్దు. నీ ఫ్రిజ్‌లో కాస్త చోటుంటే చాలు" అంది.

మరేం చెయ్యమంటారు? దాన్ని ముందునుంచీ చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి మందు రాయించాను. పెన్నులాంటి సూదొకటి ఉంటుంది. అది జామెట్రీ బాక్సులో కంపాసు పక్కన పడుకునేది. లెక్కల టీచరు కూతురి జామెట్రీ బాక్సు ఎవడు వెతుకుతాడు సార్?

ఇక చూడండి తమాషా. ఇక్కడ సూది నడుస్తోంది, అక్కడ మాస్టారి పేరు మోగుతోంది! మందులు మానేసినా పిల్ల బుగ్గలు యాపిల్ పళ్లలా ఉన్నాయని అందరూ నోళ్లు వెళ్లబెట్టడమే. మాస్టారు దాన్ని స్టేజీ ఎక్కించి, "చూడండి ఈ అమ్మాయిని!" అన్నాడు. ఇది తపస్సు చేస్తున్నదానిలా కళ్లు మూసుకుని ఉఫ్ ఉఫ్ మంది. మధ్యలో ఒక కన్ను తెరిచి, మూడో వరసలో ఉన్న నాకు కన్నుగీటింది. నేను నోట్లో రుమాలు కుక్కుకున్నాను.

"ఇక చాలు, చెప్పెయ్యవే" అంటే వినేది కాదు. "అమ్మ నవ్వుతోందత్తా. నిన్న బట్టలారేస్తూ పాట పాడింది తెలుసా? ఇంకొన్నాళ్లు నవ్వనీ" అనేది. ఏమనాలి సార్ దానికి? మీరైతే ఏమంటారు?

అంతలో సైకిల్ పంపు ఇంకో మెట్టు ఎక్కాడు. కొండమీద శిబిరమట. ఫోన్లుండవు. బ్యాగులు వెతికి లోపలికి పంపుతారు. వారాలతరబడి అక్కడే ఉంటే షుగరు వేళ్లతో సహా పోతుందట.

అప్పుడిక నేను దాచలేదు. అన్నయ్య షాపుకెళ్లి, ఇన్నాళ్లూ దొంగచాటుగా దానికి వాడిన ఇన్సులిన్ ఖాళీ సీసాలన్నీ గాజు కౌంటరు మీద వరసగా పేర్చాను. "ఇదీ నీ మాస్టారి మహిమ" అన్నాను. తూనీగ కూడా పక్కనే నిలబడి "నిజమే నాన్నా" అంది.

ఏమన్నాడో తెలుసా? "నీకు పిల్లల్లేరు. నా పిల్ల బాగుపడుతుంటే ఓర్వలేకపోతున్నావు. పైగా దానికీ అబద్ధాలు నేర్పావు" అన్నాడు. కొనడానికొచ్చినావిడ ఒకతె కొత్త కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది నన్ను. జామెట్రీ బాక్సు వదిన లాగేసుకుంది. మర్నాడు పిల్ల కొండెక్కింది.

నేను ఊరుకుంటానా? రోజూ గేటు దాకా వెళ్లడం, వాచ్‌మన్ చేత తిట్లు తినడం. "శిష్యులకి తప్ప ప్రవేశం లేదు" అనేవాడు. సరే, శిష్యురాలినే అవుదామని ఓరోజు తెల్లబట్టలేసుకుని, కళ్లు అరమోడ్చి, ఉఫ్ ఉఫ్ మనుకుంటూ నడిచాను. నన్ను రోజూ తిట్టినవాడే వంగి దణ్ణం పెట్టాడు. బట్టలు మారిస్తే చాలు సార్ లోకంలో.

లోపల పెద్ద హాలు. జనం. మధ్యలో చాప మీద తూనీగ. కళ్లు లోతుకి పోయాయి. ఛాతీ ఎగిసిపడుతోంది, కొండంతా పరిగెత్తి వచ్చినట్టు. మాస్టారు మైకులో అంటున్నాడు, "గమనించండి, ఎంత లోతైన శ్వాసో! తలుపులు తెరుచుకుంటున్నాయి!" చప్పట్లు కొట్టారు సార్. వదిన నన్ను చూసి కోప్పడను కూడా లేదు. మెరిసే కళ్లతో, "దాని నోరు వాసన చూడు, పళ్ల వాసన! లోపలంతా శుభ్రమైపోయింది" అంది.

ఆ వాసనేంటో తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వుని తనే తగలబెట్టుకుంటుంటే వచ్చే వాసనట. రక్తమంతా ఆమ్లమైపోతుంటే దాన్ని బయటికి నెట్టడానికి ఊపిరితిత్తులు పడే పాట్లేనట ఆ లోతైన శ్వాస. చప్పట్లు దేనికి కొట్టారో చూశారా మరి.

నేను ఎత్తుకున్నాను. పదహారేళ్ల పిల్ల, దూదిమూటలా ఉంది. అన్నయ్య అడ్డం నిలబడ్డాడు. "ఇంకొక్క రోజు ఆగు, మాస్టారు చెబుతున్నారు కదా" అని చేతులు పట్టుకున్నాడు. పిల్ల "అమ్మా, నీళ్లు" అంది. అంతే, వదినకేమైందో, భర్తని తోసేసి నాకన్నా ముందు పరిగెత్తి కారు వెనకసీట్లో కూర్చుని ఒడి చాపింది.

ఊళ్లో సగం మందికి కారు నేర్పినదాన్ని సార్ నేను. ఆ రోజు తోలిన తోలుడికి నాకు నేనే లైసెన్స్ ఇవ్వను. ఎంత తొక్కినా బండి మూలుగుతోంది, పోదు. ఏదో మాడుతున్న కంపు. వెనకనుంచి ఊపిరికీ ఊపిరికీ మధ్య చిన్న గొంతు. "అత్తా... హ్యాండ్‌బ్రేకు..."

తియ్యలేదు సార్ నేను!

"నీకు... లైసెన్స్... ఎవడిచ్చాడే?" అంది. వదిన ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను. కొండ దిగేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం, పిచ్చివాళ్లలాగా.

అవే దాని ఆఖరి మాటలు. హాస్పిటల్లో చెయ్యాల్సిందంతా చేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది, మెదడు వాచింది అన్నారు. మర్నాడు పోయింది.

లేదు సార్, బాగానే ఉన్నాను. టీ వేడిగా ఉంది, అంతే.

అప్పుడూ వచ్చాను ఈ స్టేషనుకి. మీ కుర్చీలో వేరే ఆయన ఉండేవాడు. "కన్నవాళ్లు కడుపుకోతతో ఏడుస్తుంటే వాళ్లమీద కేసేంటమ్మా" అన్నాడు. నిజమే, ఏడ్చారు. దొంగ ఏడుపు కాదు. వాళ్లు రాక్షసులైతే నాకెంత హాయిగా ఉండేది సార్! ఎదురుపడ్డప్పుడల్లా తిట్టుకుని ఇంటికెళ్లి నిద్రపోయేదాన్ని.

మాస్టారేమో, శిబిరం మధ్యలో లేపుకెళ్లి సూదులు గుచ్చబట్టే పోయిందన్నాడు. అన్నయ్య నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? అది నమ్మకపోతే కూతుర్ని పోగొట్టుకున్నది తనవల్లేనని నమ్మాలి. రెంట్లో ఏది తేలిక, మీరే చెప్పండి.

ఆ, వస్తున్నా, బుడ్డది దగ్గరికే వస్తున్నా. పోయినవారం నా దగ్గరికొచ్చి నీళ్లసీసా ఎత్తింది, దించకుండా తాగింది. ఇంకోటి అడిగింది. అదీ ఖాళీ. గౌను భుజాల మీంచి జారిపోతోంది. చెవిలో, "అత్తా, పక్క తడిపేస్తున్నాను, ఎవరికీ చెప్పకు" అంది. అక్కకీ ఇలాగే మొదలైంది సార్. అన్నయ్యకి ఫోన్ చేస్తే "మాస్టారు చూస్తున్నారు" అన్నాడు. చూస్తున్నాడట!

అందుకే ఇవాళ బడికెళ్లాను. నేను వెళ్లేసరికే పిల్లని నాతో పంపమని ఇంటినుంచి ఫోన్ వచ్చి ఉంది. ఏం జరిగిందని టీచరమ్మ అడిగితే, వాళ్ల నాన్నకి ఉన్నట్టుండి కళ్లు కనబడ్డం లేదని చెప్పాను. అంటే, పూర్తిగా అబద్ధం కూడా కాదు లెండి.

ఆగండాగండి, ఫోన్. ఒక్క నిమిషం సార్, కోప్పడకండి.

ఆ, చెప్పమ్మా... ఎక్కించడం మొదలెట్టారా?... ఎంతుంది?... అమ్మో... ఊపిరి బాగానే తీస్తోందా?... ఏంటీ, అప్పుడే నర్సుల మీద అరుస్తోందా? అరవనీ. బాగా అరవనీ. సరే, ఉంచుతా.

నా దగ్గర కారు నేర్చుకుంటున్న నర్సమ్మ సార్. పిల్ల అక్కడుంది, పెద్దాసుపత్రిలో. షుగరు మీటరుకి అందనంత ఉందట. ఇన్సులిన్ ఎక్కుతోంది. టైముకి తెచ్చారు, భయంలేదంటున్నారు. ఇంత ప్రమాదంలో ఉన్న పిల్లకి వైద్యం చెయ్యడానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదని పెద్ద డాక్టరమ్మ చెప్పిందట. పిల్లల సంక్షేమం వాళ్లకీ ఆవిడే కబురు పెట్టింది.

ఇంతసేపూ ఎందుకు వాగానో ఇప్పుడు తెలిసిందిగా? రాగానే చెప్పుంటే మీరు జీపెక్కేవారు. మీకన్నా ముందు అన్నయ్య దిగేవాడు. కన్నతండ్రి, హక్కుందంటాడు, సూది దిగేలోపే పిల్లని భుజానేసుకుని పోయేవాడు. మిమ్మల్ని ఈ కుర్చీలోంచి లేవనివ్వకూడదు. నా దగ్గరున్న సరంజామా నోరొక్కటే.

ఇక రాసుకోండి. తీసుకెళ్లాను. అబద్ధమాడి తీసుకెళ్లాను. పోలీసుల దగ్గర దాచాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.

బడికి ఫోన్ చేసిన ఆడగొంతెవరిదని అడుగుతారా? నాదేనని రాయండి. కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. గట్టిగా అనకండి సార్. ఆవిడ బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుంది, సాయంత్రానికి ఆ ఇంటికే వెళ్లాలి.