ఇంజిన్ విప్పేదాకా

ముప్పయ్యేళ్ళు దాటిన పాత మోటారు సైకిళ్ళ రేసు అయిపోయి పావుగంటయింది. ట్రాక్ పక్కన రేకుల షెడ్డులో గెలిచిన బండికి ఇటు దాన్ని నడిపిన భార్య, అటు దాన్ని బాగుచేసే మెకానిక్ మొగుడు. కప్పు ఇంకా చేతికి రాలేదు.

"వెళ్ళి చెప్పు. ఇంజిన్ విప్పొద్దని చెప్పు."

"ఎవరికండీ?"

"ఆ కొలతల పెద్దాయనకి. తల తిరుగుతోంది, ఇంటికి పోవాలి, ఏదో ఒకటి చెప్పు. కప్పు వాళ్ళనే ఉంచుకోమను."

"నాలుగేళ్ళకి మొదటిసారి గెలిచాను. కప్పు వద్దని నా నోటితో నేనే చెప్పాలా?"

"మళ్ళీ గెలుస్తావులే."

"మళ్ళీనా! నిన్నటిదాకా ఇక్కడ నా పేరేంటో గుర్తుందా? ఏడోదమ్మ. ఏ రేసు చూసినా ఏడో స్థానం. టీ కొట్టువాడు కూడా 'ఏడోదమ్మకో టీ' అని కేకేసేవాడు."

"సరదాకి అంటారు. పట్టించుకుంటావేంటి?"

"మీరూ నవ్వేవారు."

"నేనెప్పుడు నవ్వాను?"

"సరే, నవ్వలేదు. మూతి తుడుచుకున్నారు. ఇంతకీ విప్పితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు."

"కాకపోతే విప్పనివ్వండి."

"అది కాదే. పాత ఇంజిన్. పాలవాడి దగ్గర తుక్కు రేటుకి కొన్న బండి. ఎన్నేళ్ళు క్యాన్లు మోసిందో ఏమో. ఎవరు పడితే వాళ్ళు విప్పితే మళ్ళీ కుదురుగా కూర్చోదు."

"వారానికోసారి మీరు విప్పరూ?"

"నేను విప్పడం వేరు."

"ఫిర్యాదు వస్తే గెలిచిన బండిని విప్పాల్సిందే. టైర్లు, బ్రేకులు, చైను తప్ప బండి కంపెనీ నించి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ఆ రూలు నాకు నేర్పిందే మీరు."

"ఫిర్యాదు ఎవడిచ్చాడో నాకు తెలుసు. ఆ గడ్డపోడు. ఆఖరి మలుపులో నువ్వు లోపలివైపు నించి దాటేసరికి వాడికి కడుపు మండింది."

"ఎవరిస్తే మనకేంటి? ఉప్పు తిననప్పుడు దాహం దేనికి?"

"అంటే నన్ను అనుమానిస్తున్నావా?"

"అడుగుతున్నాను. సిలిండర్ అరగదీయించారా?"

"లేదు."

"పిస్టన్ పెద్దది వేశారా?"

"లేదే బాబూ."

"కార్బురేటర్ మార్చారా?"

"ఆ... మార్చలేదు."

"దానికొక్కదానికే ఆలోచించారేం?"

"ఆలోచించలేదు. గొంతులో దుమ్ము పడింది."

"నా మీద ఒట్టేసి చెప్పండి. బండి వేగం పెంచడానికి ఏమీ చేయలేదని చెప్పండి."

"నీ మీద ఒట్టు. వేగం పెంచడానికి ఇసుమంత పని కూడా చేయలేదు. చాలా?"

"ఇంత గట్టిగా ఒట్టేసిన మనిషికి ఆ చెమటలేంటండీ?"

"రేకుల షెడ్డు. ఎండ. ఇంకేముంటుంది? ఇదిగో, ఆయన వచ్చేస్తున్నాడు. నా మాట విను, ఇప్పటికైనా వద్దని చెప్పు."

"రండి సార్. లోపలికి రండి."

బండ్లు తనిఖీ చేసే పెద్దాయన కొలత పనిముట్ల పెట్టెతో వచ్చాడు. మెకానిక్‌ని గోడవైపు జరగమని చెప్పి పని మొదలుపెట్టాడు. గంట పట్టింది.

"సిలిండర్ కొలత సరిగ్గా ఉందమ్మా. పిస్టన్ కంపెనీదే. లోపల ఎక్కడా ఆకురాయి తగల్లేదు. ఇంత నిజాయితీ ఉన్న ఇంజిన్ ఈ ఏడాది చూడలేదు నేను."

"విన్నారా? ఊరికే హైరానా పడ్డారు."

"విన్నాను, విన్నాను. ఇక చాలు సార్, నేను బిగించేసుకుంటాను."

"ఆగవయ్యా మెకానిక్కూ, కార్బురేటర్ మిగిలింది."

"అందులో ఏముంటుంది సార్?"

"ఏమీ లేదని రాయాలన్నా చూసే రాయాలి కదా. మూత వచ్చింది. ఇదిగో స్లైడు, ఇది స్ప్రింగు, ఇది వైరు... ఇదేంటి? వైరుకి పెట్రోలు పైపు ముక్క తొడిగారు. అమ్మా, ఇది మీరు పెట్టిందా?"

"బండి పనంతా ఆయనదే సార్. ఏంటది?"

"ఇది అడ్డముంటే స్లైడు పూర్తిగా పైకి లేవదు. మీరు చెయ్యి ఎంత తిప్పినా ముప్పావు యాక్సిలేటరే అందుతుంది. ఉండండి, ఉండండి. అంటే మీరు ముప్పావు బండితో పదకొండు మందిని దాటేశారా?"

"సూటి దారిలో అందరూ నన్ను దాటిపోయేవారు సార్. ఏం చేయను? మలుపుల్లో బ్రేకు కొట్టడం మానేశాను."

"సార్, ఇది వేగం పెంచేది కాదు కదా. తగ్గించేదే కదా. దీన్ని మోసం అంటారా?"

"మోసమో కాదో నాకెందుకయ్యా. కంపెనీ పెట్టింది కాదు. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. గెలుపు కొట్టేయక తప్పదు. ముప్పయ్యేళ్ళుగా గెలవడానికి గడ్డి తిన్నవాళ్ళని చూశాను గానీ, సొంత బండి పీక నొక్కినవాణ్ణి చూడలేదు. ఎవరు పెట్టారో కాగితం మీద రాయాలి. ఫారం తెస్తాను, ఈలోపు మీరిద్దరూ మాట్లాడుకోండి."

పెద్దాయన బయటికి వెళ్ళాడు. ఆ రబ్బరు ముక్కను బల్ల మీద వదిలేసి మరీ వెళ్ళాడు.

"ఎప్పుడు పెట్టారండీ?"

"నీ మొదటి రేసుకి ముందు."

"నాలుగేళ్ళు!"

"నా కాలు చూశావుగా. తొడ నించి మోకాలిదాకా రాడ్డు. నువ్వూ అలా పడతావేమోనని భయమేసింది. నీ కోసమే చేశాను."

"నా కోసమే."

"కాక ఎవరి కోసం?"

"దాని పుణ్యమా అని నేను బ్రేకు లేకుండా మలుపులు తిరగడం నేర్చుకున్నాను. రెండుసార్లు భుజం చెక్కుకుపోయింది. మందు రాసింది మీరే. అప్పుడు వేయలేదా భయం?"

"వేసింది. చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

"నలుగురిలో మాత్రం బాగానే వచ్చింది. 'మా ఆవిడ మణికట్టులో బెదురుంది, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పదు' అని చెప్పారు కదా? నేను చీపురు కర్ర పట్టుకుని గంటలకొద్దీ చెయ్యి తిప్పేదాన్ని. మీరు గుమ్మంలో నిలబడి చూసేవారు."

"అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా."

"మన షెడ్డు గోడ మీద, మీరు రేసుల్లో నడిపినప్పటి మీ టైము ఉంది, ఈ ట్రాకు ఒక చుట్టుకి. కాలు విరగకముందుది. నిమిషం యాభై రెండు సెకన్లు. నాలుగేళ్ళలో గోడకి రెండుసార్లు సున్నం వేశారు, ఆ అంకెల చుట్టూ మాత్రం వదిలేశారు."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"మీరే చెప్పండి. నా ప్రాణం పోతుందని భయమా, ఆ టైము పోతుందని భయమా?"

"తెలీదే. నిజంగా తెలీదు. మొదట్లో మాత్రం నీ గురించే. దేవుడి సాక్షిగా నీ గురించే."

"మొదట్లో నిజమే కావచ్చు. రెండేళ్ళ కింద కూడా అది గోరంతే ఉండేది. నేను బాగా నడిపేకొద్దీ పెరిగి పెరిగి వేలి కణుపంత అయింది."

"అది నీకెలా తెలుసు?"

"రెండేళ్ళ కింద మీరు ఊళ్ళో లేనప్పుడు మూత తీసి చూశాను. చూసి మళ్ళీ అలాగే పెట్టేశాను. అప్పట్నించీ మీరు బయటికెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను."

"చూసి... చూసి కూడా నాతో ఒక్క మాట అనలేదా? తీసి అవతల పారేయొచ్చుగా!"

"ఇంట్లో అడిగితే ఇందాకటిలాగే 'నీ కోసమే' అనేవారు. నేను నమ్మేసేదాన్ని. పెళ్ళైన దగ్గర్నించీ అదే కదా నా పని. అందుకే ఎవరో ఒక పరాయి మనిషి దాన్ని తీసి నలుగురికీ చూపించాలనుకున్నాను. మీరు మాట మార్చడానికి వీల్లేకుండా."

"అయితే ఆ ఫిర్యాదు... గడ్డపోడు కాదా?"

"ఆయనకేం ఖర్మ? రేసులో ఉన్నవాళ్ళు ఎవరైనా రాయొచ్చు. గీత దాటి బండి ఆపగానే, హెల్మెట్ కూడా తీయకుండా నేనే రాసిచ్చాను."

"నీకేమైనా పిచ్చా? రాయదలుచుకుంటే రెండేళ్ళ కిందే రాయాల్సింది! ఇంత కష్టపడి, గెలిచి, చేతికొచ్చినదాన్ని కాలదన్నుకుంటారా ఎవరైనా?"

"వెనకబడ్డ బండిని ఎవరు విప్పుతారండీ? మొదటొచ్చినదాన్నే విప్పుతారు. మీరు పెట్టిన ముక్కతోనే మొదట రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది."