శిశువికాసం, మూడు క్రెడిట్లు

శనివారం తల్లీకూతుళ్లిద్దరికీ పట్టాలు. క్లాసుకి వెళ్లకుండా పరీక్షతోనే కొట్టేసే మూడు క్రెడిట్లు తల్లికింకా బాకీ. ఒహాయో కాలేజీలో పరీక్షగది బయట కూతురు చివరిసారి బట్టీ పట్టిస్తోంది.

“పిల్లలు ఎన్నో నెలకి నడుస్తారు?”

“నువ్వు తొమ్మిదికే. నీ తమ్ముడు పదహారు దాకా చంక దిగలేదు.”

“పన్నెండు అని పెట్టమ్మా. పుస్తకం మనింటికి రాలేదు.”

“సరేలే.” ఈసారి తల్లే అడిగింది. “అబద్ధాలు?”

“మూడేళ్లకి మొదలెడతారు.”

“మానేదెప్పుడు?”

“అది సిలబస్‌లో లేదు.”

తల్లి సంచీ తెరిచింది. “ఇదుగో నీ ఐడీ కార్డు, ఫ్రిజ్ మీద మర్చిపోయావు. ఇది లేకపోతే నిన్నూ పరీక్షకి కూర్చోనివ్వరు.”

కూతురు కార్డు అందుకుంది. “ఎప్పుడు తెలిసింది?”

“క్రెడిట్లన్నీ అయిపోయాయన్న పిల్ల నాకంటే ముందే పుస్తకమంతా అప్పజెప్పేస్తుంటే తెలియదా? పద. నడక పన్నెండో నెల, గుర్తుందిగా.”