కోనెం చేప కడుపులో కార్బొరేటరు

"మిషను మీది, బాధ్యత మాది. కొన్న రోజు నుంచి పదేళ్ళ వరకూ ప్రతి విడిభాగమూ మా దగ్గర దొరుకుతుంది."

ఇదీ మాట. నేను కల్పించింది కాదు, షోరూము గోడ మీద ఎర్ర రంగుతో రాసింది, కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ కూడా ఉంది, అనుమానం ఉంటే ఇప్పుడే వెళ్ళి చూసుకోండి. చెట్లు కోసే చైన్ సా మిషను చంకన పెట్టుకుని సరిగ్గా ఆ గోడ కిందే నిలబడి, అయ్యా దీనికి కార్బొరేటరు కావాలి అంటే, కౌంటరులో కుర్రోడు ఏటన్నాడో తెలుసా? "ఆ మోడలు ఆపేశారు సార్. కొత్తది తీసుకోండి. పాతది కేజీల లెక్కన తీసుకుంటాం" అన్నాడు. కేజీల లెక్కన! నాలుగేళ్ళు కూడా నిండని మిషనుని! మాట గోడ మీద ఉంది, మనిషి గోడ కింద ఉన్నాడు, మధ్యలో బాధ్యత ఎక్కడికి పోయింది అని అడిగేను. దున్నేవాడిదే భూమి అయితే కోసేవాడిదే రంపం, బాగుచేసుకునే హక్కు లేని సొత్తు సొత్తే కాదు, అది అద్దెకిచ్చిన బానిసత్వం అని అక్కడే నిలబడి చెప్పేను.

"టీ సల్లారిపోతంది దేవేంద్రా. ఆ ఉపన్యాసం తాగేక సెప్పుదువు," అంది నూకరత్నం, పాలగిన్నెలో గరిటె తిప్పుతూ.

చల్లారనీ అక్కా. నీ టీకొట్టు పక్కన రేకుల షెడ్డులో నేను చేస్తున్నది రిపేరు అనుకుంటున్నావు. కాదు, యుద్ధం. పారెయ్యమని వాళ్ళంటారు, పారెయ్యనని నేనంటాను.

"ఆ యుద్ధంలోనే నా మిషను పోయిందేటి?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న పరదేశి.

పోలేదు మావా, భద్రంగా ఉంది. ఈ పరదేశి మావ సరుగుడు తోటలు కాంట్రాక్టుకి కొట్టే మనిషి, త్రినాధరావు బావా, నీకు తెలీదేమో. ఎస్. రాయవరంలో తోట ఒప్పుకున్నాడు, జూన్ ఇరవైకి మనుషుల్ని తీసుకుని దిగాలి, మిషను లేకపోతే ఆ తోట ఇంకో ముఠాకి పోతాది. నాకు తెలీదా ఇవన్నీ? అందుకే కదా రాత్రీ పగలూ దాని మీదే ఉన్నాను. ఒక్క చిన్న సామాను రావాలి, వచ్చేస్తే అయిపోయినట్టే.

"ఎండలు ముదరకముందు కూడా ఆ ఒక్క సామానే రావాలన్నావు."

సామాను ఒక్కటే మావా, మాట మారలేదు చూడు. అసలు పాత మిషనుకి సామాను వెతకడం అంటే నాకు ఒక లెక్కా? కొండకర్ల చంటిబాబు మిషను సంగతి వింటే నువ్వే ధైర్యంగా ఇంటికెళ్ళి పడుకుంటావు. చంటిబాబు అంటే జీడితోటల చంటిబాబు. వాళ్ళ నాన్న కొన్న మిషను అది. నా దగ్గరికి తెచ్చినరోజు సైలెన్సరులో కందిరీగలు గూడు పెట్టి ఉన్నాయి, చైను తుప్పుతో బిగుసుకుపోయింది, స్టార్టరు లాగితే తాడు తెగి చేతికొచ్చింది. నలుగురు మెకానిక్కులు దండం పెట్టేసిన మిషను. నేను విప్పేను, పెట్రోలుతో కడిగేను, ప్లగ్గు మార్చేను, స్టార్టరుకి పూడిమడక వలతాడు కట్టేను. పిస్టను రింగు దొరకలేదు. పొలాల్లో మందు కొట్టే స్ప్రేయరు ఉంది కదా, దాని రింగు తీసి ఎక్కించేను. ఇక్కడివరకూ ఎవరైనా చేస్తారు.

"స్ప్రేయరు రింగు దానికెలా పడతాది?" అన్నాడు త్రినాధరావు. ఆటో నడిపే మనిషి, ఇంజను విషయంలో అంత తేలిగ్గా ఒప్పుకోడు.

పడదు బావా. కొలత పెట్టి చూస్తే చస్తే పడదు. కానీ నేను కొలత పెట్టలేదు, అరచేతిలో పెట్టుకుని మాట్లాడేను. నువ్వొక కంపెనీ, అదొక కంపెనీ, ఈ గోడలు కట్టింది మీరు కాదు, యజమానులు, ఇనుముకి ఇనుము చుట్టమే, విడివిడిగా ఉంటే విడిభాగాలు, ఏకమైతే మిషను, అని చెప్పేను. అంతే, రింగు దానంతటదే సర్దుకుని కూర్చుంది. నవ్వకు! విన్నదాన్ని బట్టి కాదు, చూసినదాన్ని బట్టి చెప్తున్నాను.

ఇక కార్బొరేటరు. అది ఎక్కడ దొరికిందో ఆఖర్న చెప్తాను, అసలు కథంతా అందులోనే ఉంది. బిగించేను. తాడు లాగేను. ఒక్కటే లాగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"వలతాడు కూడా తెగిపోయింది," అన్నాడు త్రినాధరావు.

పాడింది బావా! మిషను పాడింది! ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసి అలా వదిలేనో లేదో, ఏదో చలిదేశం నుంచి వీడియో కాల్. చూస్తే ముసలాయన, గెడ్డం, వెనకాల కిటికీలో మంచు. ఆ మోడలు గీసిన ఇంజనీరట. నేను గీసినప్పుడు కూడా ఇది ఇంత బాగా పాడలేదు నాయనా, నా జన్మ ధన్యం అని వలవలా ఏడ్చేడు.

"ఏ బాసలో ఏడిసేడు?" అంది నూకరత్నం.

ఏడుపుకి భాషేటి అక్కా! నన్ను వచ్చెయ్యమన్నాడు, ఫ్యాక్టరీ తాళాలిచ్చేస్తాను అన్నాడు. రాను అన్నాను. నా జనం ఇక్కడ ఉన్నారు, పరదేశి మావ మిషను నా షెడ్డులో ఉంది, దాన్ని వదిలి ఎలా వస్తాను అన్నాను. విన్నావా మావా?

"విన్నాను. మరి నాదెప్పుడు?" అన్నాడు పరదేశి.

అక్కడికే వస్తున్నాను. మర్నాడు మిషను పట్టుకుని కొండకర్ల వెళ్ళేను. చంటిబాబు తోటలో నిద్రగన్నేరు చెట్టు ఉంది, నలుగురు చేతులు పట్టుకుంటే గాని చుట్టు అందదు. గాలికి కొంచెం ఒరిగింది, షెడ్డు మీద పడతాదని అతని భయం. నేను మిషను ఆనించేను. ఆనించడమే, నొక్కలేదు కూడా. అటు నుంచి ఇటు వచ్చేసింది. చెట్టు మాత్రం పడలేదు. ఎందుకు పడలేదో తెలుసా? తెగినట్టు దానికి తెలీలేదు! అంత సున్నితంగా తెగింది. పిట్టలు గూళ్ళలోనే ఉన్నాయి, ఆకులు నీడనిస్తూనే ఉన్నాయి, మేకలు వచ్చి కింద పడుకున్నాయి. సాయంత్రం చంటిబాబు వచ్చి, ఏటి దేవేంద్రా ఇంకా కొయ్యలేదా అని తుమ్మేడు. ఆ తుమ్ముకి పడింది.

"మేకలో?" అన్నాడు త్రినాధరావు.

మేకలు తప్పుకున్నాయి, తుమ్ము వచ్చేముందు మనిషి ముక్కు ఎగబీలుస్తాడు కదా, అవి కనిపెట్టేసేయి. మేకల్ని వదిలెయ్ బావా, రంపంపొట్టు సంగతి విను. ఆ చెట్టులోంచి లేచిన పొట్టు గాలికి తేలుకుంటూ అచ్యుతాపురం వెళ్ళింది. కంపెనీ బస్సులు పట్టపగలు లైట్లేసుకున్నాయి, వైపర్లు ఆడించుకున్నాయి. షిఫ్టు దిగిన ఆడపిల్లలు మంచు కురుస్తందని సెల్ఫీలు తీసుకున్నారు. యాజమాన్యం ఆ పూట సెలవిచ్చింది. ఆలోచించండి, ఎన్ని ధర్నాలు చేస్తే ఒక పూట సెలవొస్తాది? నా మిషను పొట్టుతో సాధించింది.

"మా సెల్లి ఆ కంపెనీలోనే సేత్తంది. ఆళ్ళకి ఏ సెలవూ రాలేదే," అంది నూకరత్నం.

మీ చెల్లి వేరే గేటు అక్కా. అక్కడితో ఆగిందా? లేదు. మిషను ఆపుదామంటే ఆగలేదు, అంత హుషారులో ఉంది. ఆ గాలి ఊపుకి కొండకర్ల ఆవలో, అదే ఆ పెద్ద చెరువులో, నీళ్ళు రెండుగా విడిపోయి మధ్యలో దారి పడింది. తాటిదోనెల మీద తిరిగేవాళ్ళు దోనెలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళేరు. పక్షులు చూడ్డానికి వచ్చిన టూరిస్టులు పక్షుల్ని వదిలేసి నన్ను ఫొటోలు తీసుకున్నారు. నేను ఒద్దన్నాను. వ్యక్తి పూజ పనికిరాదు, మిషనుని తియ్యండి అన్నాను.

అంతలో ఏమైందో తెలుసా? తుపాను! మొన్నీమధ్య ఎండల్లో తుపాను వస్తాది వస్తాది అని టీవీల్లో చెప్పేరు, గుర్తుందా?

"రాలేదు కదా," అన్నాడు త్రినాధరావు.

అదే మరి! ఎందుకు రాలేదు? అది అడగండి. ఎవడూ అడగడు! నేను పూడిమడక ఒడ్డున నిలబడ్డాను. ఎదురుగా తుపాను, ఆకాశం అంత ఎత్తుంది, నల్లగా, గుండ్రంగా తిరుగుతా వస్తంది. నేను తాడు లాగేను. మొల లోతు నీళ్ళలోకి దిగి నడిమధ్యలో ఆనించేను. చీలిపోయింది బావా! ఒక చెక్క ఒడిశా వైపు పోయింది, ఇంకో చెక్క కాకినాడ వైపు పోయింది, మధ్యలో మనకి ఎండ కాసింది. ఆ రోజు అనకాపల్లిలో ఆడవాళ్ళు వడియాలు పెట్టుకున్నారు. అవునా కాదా?

"పెట్టేను, నిజమే," అని ఒప్పుకుంది నూకరత్నం.

చూసేరా! సాక్ష్యం! వడియమే సాక్ష్యం!

"అదంతా సరే," అన్నాడు త్రినాధరావు, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి. "ఆపేసిన మోడలు అంటన్నావు. కార్బొరేటరు ఎక్కడిది?"

ఆఁ, అలా అడుగు! వెతకని చోటు లేదు. వైజాగ్ పాతసామాన్ల వీధి మొత్తం తిరిగేను, ఢిల్లీకి ఫోను చేసేను, ఆన్‌లైనులో ఒకటి తెప్పిస్తే దాని బోల్టు కంతలు ఒకలా, దీనివి ఇంకోలా ఉన్నాయి. ఆఖరికి విసుగొచ్చి పూడిమడక వెళ్ళి అచ్చియమ్మ దగ్గర కోనెం కొన్నాను, ఇంత పొడుగు చేప. కత్తిపీట మీద పెట్టి పొట్ట కోసింది. టంగుమంది. ఏటా అని చూస్తే లోపల కార్బొరేటరు!

"కోనెం కడుపులో!"

కోనెం కడుపులో! మా కష్టం చూడలేక సముద్రమే పంపింది. బజారు ఇవ్వనిది ప్రకృతి ఇచ్చింది. నమ్మరా? ఆనవాళ్ళతో సహా చెప్తాను. అదే మోడలు, అదే సైజు. కంపెనీవాడి చోక్ లివరు ఎప్పుడో విరిగిపోయినట్టుంది, దాని బదులు సైకిల్ చువ్వ వంచి పెట్టి ఉంది. ఆ చువ్వ ఊడిపోకుండా ఎర్రదారం చుట్టి ముడేసి ఉంది, దారం కొసన నీలం పూస. ఇన్ని ఆనవాళ్ళు కల్పించి చెప్పడానికి నాకేం పట్టింది?

బెంచీ చివర పరదేశి లేచి నిలబడ్డాడు.

"ఎర్రదారం కాదది. మొలతాడు," అన్నాడు. "మా మనవరాలిది. కొత్తది కట్టేక పాతది పారెయ్యబుద్ధి కాక, ఆ సువ్వకి నేనే సుట్టేను. పూస తీత్తే పిల్ల ఏడుత్తాదని వదిలేసేను."

నూకరత్నం స్టౌ మంట తగ్గించింది.

"అయితే నీ మిషను మింగేసిందన్నమాట ఆ కోనెం!" అన్నాడు త్రినాధరావు. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మావా, కూర్చో. ఒక సిద్ధాంతం చెప్తాను, కోపం తెచ్చుకోకుండా విను. విడిభాగం అనేది ఏ ఒక్కడి సొత్తూ కాదు. అది ప్రజల సొత్తు. ఎక్కడ అవసరమైతే అక్కడికి...

"ప్రెజల్లో నేను లేనేటి?"

ఉన్నావు మావా, ముందు వరసలో ఉన్నావు. కానీ చంటిబాబు షెడ్డు మీద చెట్టు పడిపోతాదని...

"పడిపోతాదని ఆడు నీ షెడ్డు ముందు నిలబడి అరిసేడు. నేను ఇక్కడ బెంచీ మీద కూకుని టీ తాగేను. అందుకని నాది ఇప్పేసి ఆడికి ఎట్టేవు." పరదేశి గొంతు పెంచలేదు. "అరిసినోడికి ముందు, ఊరుకున్నోడికి తర్వాత. షోరూమోడు సేసింది కూడా అదే గదా? కాపోతే ఆడు గోడ మీద రాసేడు, నువ్వు నోటితో సెప్పేవు."

అది వేరు, ఇది వేరు! వాళ్ళది దోపిడీ, నాది సర్దుబాటు! అసలు ఈ పరిస్థితి ఎవరు తెచ్చేరు? మాట ఇచ్చి తప్పినవాళ్ళు! రేపే వాళ్ళకి నోటీసు రాస్తాను, నెలాఖరులోగా జవాబు చెప్పకపోతే ఆ గోడ ముందే టెంటు వేసి కూర్చుంటాను!

"కూకో. నేనూ వచ్చి నీ పక్కన కూకుంటాను, నాకూ కోపమే," అన్నాడు పరదేశి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. "అది ఆళ్ళ గడువు. ఇది నీది. తోటలోకి నాతో ఎనిమిది మంది దిగుతారు. మిషనుతోటి దిగాలా, గొడ్డళ్ళు అడిగి తెచ్చుకోవాలా, నాకు ముందు తెలవాలి. సేపని అడుగుతావో, సంటిబాబుని అడుగుతావో నీ ఇష్టం. కత ఒద్దు, జవాబు సెప్పు. జూన్ పదిహేను."