పాపయ్య కొట్లో మంచు సినిమా

"కుళ్ళుతో అంటున్నాననుకోకండి, ఉన్నమాట చెప్తున్నాను. కొట్లో స్కీ సినిమా వేయడం ఈ పార్సిప్పనీకి కొత్తేం కాదు. ఆ శ్రీధర్‌గాడి కంటే ముందు నేనే వేశాను. ఇదే కొట్లో, ఇక్కడే."

పాపయ్య గారు ఈ మాట అనేసి టీ ఒక్క గుక్క తాగి మా మొహాలు చూశారు. న్యూజెర్సీలో రూట్ 46 రోడ్డు పక్కన ఇండియన్ గ్రోసరీ ఆయనది. కొట్లో వెనక వైపు ఫ్రీజర్ల దగ్గర ఒక టీ కౌంటరు, దాని పక్కన ఆయన భార్య దమయంతి గారి బజ్జీల మూకుడు. శనివారం సాయంత్రాలు మేం నలుగురం అక్కడే చేరతాం. ఆ రోజు మాత్రం బియ్యం బస్తాల మీద కూర్చోవాల్సి వచ్చింది. కుర్చీలన్నీ పక్క కొట్టుకి అరువెళ్ళి ఇంకా తిరిగి రాలేదు.

పక్క కొట్టు శ్రీధర్‌ది. స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే చెక్కలు, బూట్లు, జాకెట్లు అమ్ముతాడు. ఇక్కడ ఏటా చలికాలం మొదలయ్యే ముందు స్కీ షాపుల్లో, మంచు కొండల మీద జారేవాళ్ళని తీసిన కొత్త స్కీ సినిమా వేసి, చివర్లో టికెట్ నెంబర్లు పిలిచి బహుమతులు పంచుతారు. శ్రీధర్ కూడా ముందు రోజు రాత్రి తన కొట్లో ప్రీమియర్ పెట్టాడు. ఊళ్ళో తెలుగువాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. మేమూ వెళ్ళాం. పాపయ్య గారు కనపడలేదు. ఇవాళ టీకి వచ్చిన దగ్గర్నుంచి మేం ఆ సినిమా కబుర్లే చెప్పుకుంటున్నాం. అది ఆయనకి అరికాలి మంట.

"మిమ్మల్ని పిలవలేదా పాపయ్య గారూ?" అన్నారు కేశవరావు గారు. మాలో పెద్దాయన, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టరు. ఏ మాటనైనా టెస్ట్ చేయకుండా వదలరు.

"పిలిచాడండీ. ఎలా పిలిచాడో అడగండి. నేను అట్టపెట్టెలు పారేయడానికి చెత్తవేసే డంప్‌స్టర్ దగ్గరికి వెళ్తే, అక్కడ, ఆ కంపులో, 'అన్నా, ఫ్రైడే వచ్చేయ్, అలాగే నీ కుర్చీలు కూడా కావాలి' అన్నాడు. అదీ పిలుపు! మీ అందరికీ ఈమెయిల్లో రంగురంగుల ఇన్విటేషన్లు. నాకు డంప్‌స్టర్. ఇంటికొచ్చి, మా ఆవిడకి బొట్టు పెట్టి పిలవద్దూ? పిలవని పేరంటానికి నేనెందుకు వెళ్తానండీ? చదువుకునే రోజుల్లో వాడు రోజూ టీ తాగింది ఈ కౌంటర్ దగ్గరే. పైగా ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా పెట్టాడట. జనం నిలబడి చూస్తుంటే ఆ కుర్చీ మాత్రం అలాగే ఉంచాడట. ఏ మేయరుగారి కోసమో! కుళ్ళని కాదు, న్యాయం చెప్తున్నాను."

దేదీప్య తల పైకెత్తింది. ఆ అమ్మాయి శ్రీధర్‌కి మరదలు, నిన్న కుర్చీలు వేసింది తనే. ఏదో అనబోయి, బజ్జీ నోట్లో పెట్టుకుని ఊరుకుంది.

"సరే అంకుల్, మీ సినిమా సంగతి చెప్పున్రి" అన్నాడు రఘువీర్. వరంగల్ కుర్రాడు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరాడు. నిన్నటి మొదటి బహుమతి, కొత్త స్కీల జత, వాడికే వచ్చింది. అవి కార్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"అది మీరెవరూ ఈ ఊరు రాకముందు మాటలే. పెద్దగా ఏం చేయలేదు, గొప్పలు నాకు పడవు. ఒక రోజు కొలరాడో నుంచి ఒక సినిమావాడు ఈ దారిన పోతూ కారు మంచులో దిగబడి, చలికి వణుకుతూ నా కొట్లోకి వచ్చాడు. న్యూయార్క్‌లో వాడి స్కీ సినిమా ప్రీమియర్, చివరి నిమిషంలో హాలు వాళ్ళు కాదన్నారట, కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. నేను జాలిపడి మా ఆవిడ వేసిన మిరపకాయ బజ్జీ ఒకటి చేతిలో పెట్టాను. కొరికాడు. మొహం ఎర్రబడింది, చెవుల్లోంచి ఆవిరి వచ్చింది, జాకెట్ విప్పి అవతల పారేసి, 'పాపయ్యా, నా సినిమా ప్రీమియర్ నీ కొట్లోనే' అన్నాడు. ఈ ఫ్రీజర్ల మీద దుప్పటి కట్టాను. నలభై మందిని బస్తాల మీద కూర్చోబెట్టాను. అంతే."

"అంతేనా?" అన్నారు కేశవరావు గారు. పాపయ్య గారి కథ అంతేతో ఆగదని ఆయనకీ తెలుసు.

"నలభై మంది అన్నది మొదటి పది నిమిషాల్లో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎడిసన్‌లో తెలిసింది, జెర్సీ సిటీలో తెలిసింది, ఆఫీసుల్లోంచి ట్యాగులు మెళ్ళో వేసుకునే వచ్చేశారు. రూట్ 46 మీద కార్లు హడ్సన్ నది దాకా ఆగిపోయాయి. శ్రీధర్‌గాడి దగ్గరికి ఎంతమంది వచ్చారు? వాడి జనాన్ని నా పప్పుల వరసలో కూర్చోబెడితే ఇంకా కందిపప్పు దగ్గర ఖాళీ ఉంటుంది. మరి వచ్చింది మనవాళ్ళు! మనవాళ్ళకి మొదటి ఆట అంటే ఊరికే కళ్ళతో చూడటం రాదు కదా. స్కీ చేసేవాడు కొండ మీద కనపడగానే ఈలలు! కాగితాలు చింపి ఎగరేద్దామంటే కాగితాలు లేవు, మరమరాల సంచులు విప్పి ఎగరేశారు. కొట్లో ఉన్న మరమరాలన్నీ గాల్లోనే. ఆ సినిమావాడు బిత్తరపోయి, ఇది మంచా, ఫలహారమా అని అడిగాడు."

"మరి కొబ్బరికాయ?" అన్నాడు రఘువీర్.

"కొట్టకుండా ఉంటారా? కొట్టారు, ఫ్రీజరు అద్దం మీదే కొట్టారు. హారతి కూడా ఇచ్చారు, పళ్ళెంలో ఇంత కర్పూరం ముద్ద పెట్టి. ఆ పొగకి అలారం మోగింది. అలారం మోగితే పైన ఉన్న మంటలార్పే నీటి గొట్టాలు ఊరుకుంటాయా, వాన! ఇటు చూస్తే అద్దం పగిలిన ఫ్రీజరు, చలి బుసలు కొడుతోంది. ఆ వాన కింద పడేలోపే గడ్డకట్టి మంచైపోయింది. దాని మీద మరమరాలు. బస్తాలన్నీ పై కప్పు దాకా పేర్చి ఉన్నాయేమో, అవి కొండ అయిపోయాయి. కేశవరావు గారూ, నా కొట్లో, ఇదిగో ఈ చోట, కొలరాడోలో కూడా లేని కొండ లేచింది!"

"పై కప్పు ఎంత ఎత్తండీ?" కేశవరావు గారు తలెత్తి చూశారు.

"ఇప్పుడున్న ఎత్తు చూసి చెప్పకండి. అప్పుడు దాన్ని కొండే పైకి నెట్టింది. ఆ సినిమావాడు, 'పాపయ్యా, నువ్వు జారితే గాని ఈ ప్రీమియర్ పూర్తి కాదు' అన్నాడు. నాకు స్కీలు ఎక్కడివి? అప్పడాలు ఒత్తే చెక్కలు రెండు కాళ్ళకి కట్టుకున్నాను. చేతికర్రల బదులు ఒక్కో చేతిలో ఒక దోసెల అట్లకాడ. మా ఆవిడ మూకుట్లో బజ్జీలు వేస్తోంది, 'దమయంతీ, రెండో పక్కకి తిప్పే టైముకి వచ్చేస్తా' అని చెప్పి దూకాను. పప్పులు దాటాను, పచ్చళ్ళు దాటాను, బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒకావిడ కొత్తిమీర ఎంత అని అడిగితే జారుతూనే చెప్పాను. తలుపు తీసుకుని బయటపడ్డాను. రూట్ 46 మీద కార్లన్నీ ఆగి ఉన్నాయి కదా, వాటి టాపుల మీదుగా జర్రున..."

"హడ్సన్ మీది వాషింగ్టన్ బ్రిడ్జి దాకానా?" అంది దేదీప్య.

"బ్రిడ్జి దాకా అని ఆపేస్తావేంటి అమ్మాయ్! టోల్ బూత్‌లో ఆవిడ, టోలు కట్టడానికి కారు అద్దానికి అంటించే ఈజీపాస్ ఏదీ అంది. అప్పడాల చెక్కకి ఈజీపాస్ ఎక్కడ అతికించుకోనమ్మా అన్నాను, నవ్వి పొమ్మంది. బ్రిడ్జి తీగ మీదకి ఎక్కాను, కొసకి వెళ్ళాను, అక్కణ్ణించి ఎగిరాను. ఎంత ఎత్తు ఎగిరానంటే, పక్కనే విమానం. కిటికీలో ఎవరనుకున్నారు? ఎడిసన్ రాజేశ్వరమ్మ గారు, హైదరాబాదు వెళ్తున్నారు. 'పాపయ్యా, గోంగూర పచ్చడి కొనడం మర్చిపోయానయ్యా' అన్నారు. నా జేబులో సీసా ఉంది, అందించాను."

"విమానం కిటికీ తెరుచుకోదు కదండీ" అన్నారు కేశవరావు గారు.

"మామూలుగా తెరుచుకోదు. గోంగూర అనేసరికి తెరుచుకుంది. అక్కణ్ణించి తిరిగి దిగాను, సరిగ్గా ఈ మూకుడు పక్కన. ఏం దమయంతీ, బజ్జీ రెండో పక్క తిప్పింది ఎవరు?"

"ఎవరూ తిప్పలేదు. మాడిపోయింది" అన్నారు దమయంతి గారు, మూకుడు మీంచి చూపు తిప్పకుండా.

మేం పడీపడీ నవ్వాం. పాపయ్య గారి మొహం వెలిగింది. నిన్నటి నుంచి శ్రీధర్ వైపు వెళ్ళిపోయిన మా చెవులు ఆయన దగ్గరికి తిరిగొచ్చాయి. ఆయనకి కావలసింది అదే. ఆయన అక్కడితో ఆపి ఉంటే బావుండేది.

"బహుమతులు కూడా ఇచ్చాను. శ్రీధర్‌గాడిలా కాదు, మర్యాదగా. నెంబరు పిలిచాక మనిషి లేచి వచ్చేదాకా ఆగాను. ఒకాయన మొహమాటపడి కూర్చుంటే, దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, రండి బాబూ అని తీసుకొచ్చాను. పెద్దమనుషులకి మొహమాటాలుంటాయి. పెట్టేవాడు తెలుసుకోవాలి."

"నిన్న శ్రీధరన్న కూడా ఆగిండు కదా అంకుల్" అన్నాడు రఘువీర్. "ఫస్ట్ ప్రైజుకి ముందు వేరే నెంబర్ వచ్చింది. పిలిస్తే ఎవరూ లేవలే. ఎవడో మొద్దు, టికెట్ జేబులో పెట్టుకుని ఇంటికి పోయి పడుకున్నట్టున్నడు. వాని పుణ్యాన స్కీలు నాకొచ్చినయ్."

"ఎవడ్రా మొద్దు?"

పాపయ్య గారు బస్తా మీద నుంచి లేచి నిలబడ్డారు. టీ చొక్కా మీద ఒలికింది.

"ఇంటికి పోయాడట, పడుకున్నాడట! జాకెట్లు వేలాడదీసిన స్టాండు వెనకాల నిలబడి ఉన్నాడు మనిషి! బొట్టు పెట్టి పిలవని చోటికి వచ్చానని పదిమందిలో తెలియాలా వద్దా అని ఆలోచించుకుంటున్నాడు. నెంబరు తనదే. కాలు ముందుకు వేయబోయాడు కూడా. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలా వద్దా? ఈలోపే నీ నెంబరు చదివేశాడు ఆ దుర్మార్గుడు! అవి నా స్కీలురా!"

నూనెలో బజ్జీలు చిటపటలాడుతున్నాయి.

"అదీ సంగతి. నిన్న రాత్రి స్టాకు సర్దుకోవాలని చెప్పి వెళ్ళారు నాతో. ఎక్కడి స్టాకు?" అన్నారు దమయంతి గారు.

పాపయ్య గారు కూర్చున్నారు. మా వైపు చూడలేదు. ముందు తలుపు అద్దంలోంచి పక్క కొట్టు బోర్డు కనపడుతోంది, దాన్ని చూస్తూ అన్నారు. "సినిమా బాగుంది. అదే నా ఏడుపు. వాడు మైకు పట్టుకుని నిలబడి మాట్లాడుతుంటే అందరూ ఎంత ముచ్చటగా విన్నారు! మీరూ విన్నారు. నేను చూశాను. నా మాట మీరలా ఎప్పుడైనా విన్నారా? నవ్వుతారు, అంతే."

రఘువీర్ తల దించుకున్నాడు.

"అంకుల్, ఆ ఖాళీ కుర్చీ మీరు వెనక నుంచి చూసుంటారు" అంది దేదీప్య మెల్లగా. "ముందుకొచ్చి చూసుంటే తెలిసేది. ఓ పక్క చెయ్యి విరిగితే వైరుతో కట్టుకున్నారే, మీ కుర్చీ, అదే. విరిగిన కుర్చీ ముందు వరసలో ఏంటి బావా అని నేను తీయబోతే కోప్పడ్డారు. పాపయ్యన్న అందులో తప్ప కూర్చోడు అన్నారు. మీరొస్తారని ఆట లేటుగా మొదలుపెట్టారు. మిమ్మల్ని ఈమెయిల్లో పిలవడమేంటి, ఇంట్లోవాళ్ళని ఎవరైనా అలా పిలుస్తారా అన్నారు."

పాపయ్య గారు గ్లాసు పక్కన పెట్టారు. చొక్కా మీది టీ మరకని చేత్తో తుడిచారు, అది పోలేదు. ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

ఆయన లేచి, "ఇంట్లోవాణ్ణయితే మాత్రం, డంప్‌స్టర్ దగ్గరా?" అన్నారు. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు. దమయంతి గారి వైపు తిరిగి, "వేడివి ఒక పది బజ్జీలు కట్టు. మాడనివి" అన్నారు.

"ఎక్కడికండీ?" అన్నారు కేశవరావు గారు.

"పక్క కొట్టుకి. కుర్చీలు తెచ్చుకోవద్దూ? ఎన్నాళ్ళు ఈ బస్తాల మీద కూర్చుంటారు మీరు?"

"నేను గూడ వస్త అంకుల్, మొయ్యాలె కదా" అంటూ రఘువీర్ లేచాడు.

"నువ్వు కూర్చోరా. మిగతావి వాడే తెచ్చిస్తాడు" అని బజ్జీల పొట్లం అందుకున్నారు పాపయ్య గారు. "ముందు వరసలో ఉన్న ఆ కుర్చీ ఒక్కటే నేను చూసి వస్తాను. కాసేపు కూర్చుని చూసి వస్తాను."