పువ్వుకు ముక్కు లేదు సార్

“టీచరమ్మా, ‘ఐ ఫీల్ బ్యాడ్’ అనాల్నా, ‘బ్యాడ్లీ’ అనాల్నా? రేపు పరీక్షున్నది.”

బ్యాడ్ అనాలె రవళీ. కూసో, ఇంటికి ఉరుకకు, మీ అవ్వ ఏమనదు. మనసు ఎట్లున్నదో చెప్తున్నవు గద, అందుకే బ్యాడ్. గసొంటి గొడవలనే నాకు మా సారు దొరికిండు, ఎరుకేనా? సారంటే మా ఆయిననే.

అప్పుడు నేను లక్సెట్టిపేటల కొత్త ఇంగ్లీషు టీచర్ను. పదో తరగతి పేపర్లు దిద్దనీకి ఆదిలాబాద్ పిలిచిన్రు... కాదు కాదు, కరీంనగర్. మస్తు ఎండలు. చాయ్ పావలా అప్పుడు. పేపర్ల ‘ద ఫ్లవర్ స్మెల్స్’ అని ఇచ్చి, పక్కన స్వీట్ రాయాల్నా, స్వీట్లీ రాయాల్నా అని అడిగిన్రు. దిద్దెటోళ్లకిచ్చిన జవాబుల కాయితంల స్వీట్లీ అని తప్పు అచ్చయింది. స్వీట్ రాసిన పిల్లలకు సున్నా పెట్టుమన్నరు.

నాకు పానం ఒప్పలే. లేచి నిలబడ్డ. “పువ్వుకు ముక్కు లేదు సార్. స్వీట్లీ అంటే పువ్వే వాసన చూసినట్టు అయితది” అన్న.

అందరు ఒక్కటే నవ్వుడు. పెద్దసారు “నిన్నగాక మొన్న అచ్చినవు, కూసోవమ్మా” అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని కూసోలే. గప్పుడు ఎనకకెల్లి సన్నటి మనిషొకాయిన లేచిండు. బెల్లంపల్లి సారు. “పువ్వుకు ముక్కు ఏడున్నదో చూపెట్టున్రి సార్, నేను సున్నా పెడత” అన్నడు. ఇగ ఎవ్వలు నవ్వలే. పొద్దుగూకెవరకు పైకెల్లి మాటొచ్చింది, స్వీట్‌కే మార్కు వెయ్యిమని. దిద్దినయన్ని మల్ల దిద్దినం. గప్పటిసంది మా ఇద్దరిదీ ఒక్కటే బల్ల.

పెండ్లయినంక ఇంట్ల గూడ గదే పంచాది. అన్నం తినుకుంట గ్రామరు. మా అత్త “వీళ్లకు పిచ్చి లేసింది” అనేది.

పోయిన ఎండకాలం సారు పోయిండు గద. నువ్వు చూసినవు. ఇప్పుడు ఫోన్ల అందరు “ఎట్లున్నవు టీచరమ్మా” అంటరు. మంచిగున్న అంట. ఇంకేమంట? జర సేపు మాట్లాడి పెట్టేస్తరు. మొన్న టీవీల ఎవలో ఇంగ్లీషు తప్పు మాట్లాడిన్రు. నవ్వొచ్చి, “విన్నవా?” అని పక్కకు తిరిగిన...

ఆఁ. పో బిడ్డా, చదువుకో. ఫికర్ చెయ్యకు, మంచిగ రాస్తవు. సల్లగుండు. గేటు దగ్గరికెయ్యి. గడియ పెట్టకు, మల్ల ఏమన్న అడుగనీకి అస్తవేమో.