మిస్ థారల్డ్ జవాబులు

లండన్‌లో నవంబరు మధ్యాహ్నం, పొగమంచు. దారితప్పిన ఆడపిల్లలకు ఆశ్రయం నడిపే మిస్ థారల్డ్ ఇంటికి, ఆమె పాత స్నేహితుడు, నవలాకారుడు ఎడ్మండ్ ప్రిడో చెప్పకుండా వచ్చాడు.

“కూర్చోవడానికి రాలేదండీ. నా ఉత్తరానికి జవాబు కావాలి.”

“కూర్చోండి ప్రిడో గారూ. మళ్ళీ నిద్రపోలేదని మీ గొంతే చెబుతోంది.”

“సీరియల్ రాసేవాడికి నిద్రేమిటి? నా సంగతి వదిలేయండి. హెస్టర్‌ని ఎప్పుడు పంపించేస్తున్నారు?”

“టీ తాగండి. చల్లారిపోతుంది.”

“చల్లారడానికి కప్పులో ఉంటేగా! మీరు పోయనేలేదు.”

“అలాగా. వయసండీ.”

“మాట మార్చకండి. ఆశ్రయానికి వచ్చిన ప్రతి పిల్ల గతం నేను వినాలి, మీకు రాయాలి, ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదు. మన పద్ధతి అదేగా? రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు హెస్టర్ ఏం చేసింది? మొదటిరోజు తండ్రి నావికుడంది. మర్నాడు పాదిరి అంది. ఆదివారం నాటికి ఆయన్ని ఉరే తీయించేసింది!”

“మీరు నవలలు రాస్తారని ఎవరో చెప్పుంటారు. మీకు నచ్చేదాకా చెప్పింది, పాపం.”

“నవ్వకండి. అబద్ధం దాని నాలుక మీద కాపురముంటుంది. అలాంటిదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. ఇప్పుడు తాళాలు కూడా ఇచ్చారట!”

“తాళాలొక్కటేనా.”

“ఇంకేమిచ్చారు?”

“మీకు జవాబు కావాలన్నారు...”

“అవును. మర్నాటి టపాకే జవాబిచ్చే మనిషి, ఈసారి వారమైంది. నిజం చెప్పనా? అలిసిపోయాను థారల్డ్ గారూ. ఈ రెండేళ్ళూ నన్ను లాక్కొస్తున్నవి మీ ఉత్తరాలే. ఇదివరకు మీరలా రాసేవారు కాదు. పొడిపొడిగా, హితబోధలా ఉండేవి. ఇప్పుడు చదువుతుంటే ఎదురుగా కూర్చుని వేళాకోళం చేస్తున్నట్టుంటుంది. దస్తూరీ కూడా గుండ్రంగా...”

“చలికి వేళ్ళు తిరగవు.”

“జూన్‌లో కూడానా?”

“ప్రిడో గారూ, దీపం వెలిగించే ఉందా?”

“మీ మోచేతి పక్కనే, నిండుగా వెలుగుతోంది. అదేమిటి... థారల్డ్ గారూ, ఇటు చూడండి. నావైపు.”

“మీవైపే చూస్తున్నాననుకుంటున్నాను.”

“ఎన్నాళ్ళనుంచి కనపడటం లేదు?”

“రెండేళ్ళు. కమిటీ పెద్దలకు తెలిస్తే ఆశ్రయం నా చేతిలో ఉంచరు. అందుకే మీకూ చెప్పలేదు.”

“మరి నా ఉత్తరాలు చదివేదెవరు? జవాబులు?”

“విషయం నాదే. వేళాకోళం మాత్రం నాది కాదు.”

“ఎవరిది?”

“మీ కిందటి ఉత్తరం గుర్తుందా? ‘హెస్టర్ దొంగ, అబద్ధాలకోరు, వెంటనే వీధిలోకి నెట్టండి’ అని రాశారు.”

“రాశాను. అయితే?”

“ఆ వాక్యం దాటేసి ఉంటే నాకు తెలిసేది కాదు. తన గురించే అయినా ఒక్క అక్షరం మింగకుండా చదివి, ‘జవాబేం రాయమంటారమ్మా?’ అని అడిగింది.”